నట్టింట్లో నిజాం రైలు: ఔత్సాహికులకు ఉచిత సలహాలు

ఇంట్లో బొమ్మ రైల్వే కట్టుకోవాలని ముచ్చటపడే జనగామ, మానుకోట (మహబూబాబాద్), భూపాలపల్లి వాస్తవ్యులకు నా మొదటి సలహా: ఇంట్లో ఎవరికీ చెప్పకండి. ఇది నా సొంత తెలివి కాదు, చరిత్ర నేర్పిన విద్య. 1883లో నిజాం సర్కారు హైదరాబాద్ నుంచి వరంగల్ మీదుగా చాందా వైపు రైలు వేయాలని తలపెట్టినప్పుడు, ఒప్పందంలో ఏం రాసుకున్నారో జనానికి చెప్పండని అడిగినవాళ్లున్నారు. వాళ్లలో ముందు నిలబడ్డది హైదరాబాద్ కాలేజీ పెట్టిన అఘోరనాథ చట్టోపాధ్యాయ, సరోజినీ నాయుడు తండ్రి. ఆయన్ను ఆ మే నెలలో రాజ్యం దాటించేశారు. తర్వాతెప్పుడో తిరిగి రానిచ్చారనుకోండి. మీ ఇంట్లోనూ "ఇంతకూ ఖర్చెంత?" అని అడిగేవాళ్లు ఒకరుంటారు. వాళ్లకు వేసవి సెలవుల పేరు చెప్పి పుట్టింటికి టికెట్ తీయండి. పట్టాలు బిగించాక రమ్మనవచ్చు.

డబ్బు సంగతి కూడా ఆ పెద్దల దగ్గరే నేర్చుకోవాలి. లండన్‌లో పుట్టిన నిజాంస్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ పెట్టుబడికి ఏటా 5 శాతం చొప్పున 20 ఏళ్లు ముట్టజెప్పే పూచీ నిజాం ఖజానాది. రైలు లాభంలో నడిచినా సరే, ఖాళీగా నడిచినా సరే. ఇంతకన్నా మంచి పద్ధతి నాకు కనిపించలేదు. మీరు లండన్ కంపెనీ, ఇంటి బీరువా నిజాం ఖజానా. చిట్టీ పాడిన డబ్బంతా ఇంజన్ మీద పెట్టండి, వడ్డీ సంగతి బీరువా చూసుకుంటుంది. 1930 ఏప్రిల్ 1న నిజాం సర్కారు ఆ రైల్వేను కొనుక్కుని సొంతం చేసుకుంది. అంటే బీరువాకు కూడా ఎప్పుడో ఒకప్పుడు న్యాయం జరుగుతుంది, కాస్త ఓపిక పట్టమనండి.

కొలతల గొడవ

మన పెద్ద లైను పట్టాల మధ్య ఎడం 1,676 మిల్లీమీటర్లు, అంటే ఐదున్నర అడుగులు. లోకంలో ఎక్కువమంది వాడే బొమ్మ స్కేలు హెచ్‌ఓ, అసలు కొలతను 87తో భాగించింది. ఆ లెక్కన జనగామ స్టేషన్ పట్టాల ఎడం ఇంట్లో 19.3 మిల్లీమీటర్లు రావాలి. కొంటే దొరికేది మాత్రం 16.5. ఎందుకంటే అది ఐరోపా, అమెరికాల్లో ఉండే 1,435 మిల్లీమీటర్ల పట్టాకు చేసింది. తేడా మూడు మిల్లీమీటర్లు కూడా నిండదు గానీ, ఈ సరదాలో దిగినవాళ్లు దానికోసం మాట్లాడుకోవడం మానేస్తారు. కొందరు చాదస్తులు స్లీపర్లు కోసుకుని, పట్టాలు చేత్తో అతికించుకుని 19.3కే వేస్తారు. కళ్లద్దాలు మారతాయి, నడుం పడిపోతుంది, కానీ ఎదురుగా వచ్చే ఇంజన్ నిజంగా మన ఇంజన్‌లా కాళ్లు వెడల్పుగా పెట్టి నిలబడుతుంది. ఇంకొందరు పట్టాను అలాగే ఉంచి, బోగీలనే సుమారు 102వ వంతుకు కుదించి తయారుచేసుకుంటారు. అప్పుడు 16.5 సరిగ్గా సరిపోతుంది.

మీరు ఈ రెండు దారులూ తొక్కకండి. పట్టా దుకాణంలో దొరికిన కొలతకు, బోగీ 87వ వంతుకు, స్టేషన్ బిల్డింగు ఇంట్లో ఉన్న అట్టపెట్టె సైజుకు కట్టేయండి. ఐదో తరగతికి కుట్టించిన లాగును ఇంటర్ కుర్రాడికి తొడిగినట్టు బండి పట్టాల మీద బిక్కుబిక్కుమంటూ నిలబడితే, "నిజాం కాలంలో ఇలాగే ఉండేది" అని చెప్పండి. నిజాం కాలంలో ఎలా ఉండేదో చూసినవాళ్లు మీ వీధిలో ఉండరు.

ఇక దూరం. జనగామ నుంచి కాజీపేట మీదుగా మహబూబాబాద్ దాకా దాదాపు 120 కిలోమీటర్లు. 87తో భాగించినా 1,380 మీటర్లు. తెలిసినవాళ్లు ఇక్కడ ఒక పని చేస్తారు: ఏదో ఒక స్టేషన్ యార్డును ఎంచుకుని, అందులో కూడా ముఖ్యమైన నాలుగు లైన్లు ఉంచి, మిగతాది గోడ మీద బొమ్మగా వేస్తారు. ఇది పిరికితనం. యశ్వంతాపూర్, రఘునాథపల్లి, పెండ్యాల, నెక్కొండ, ఇంటికన్నె, కేసముద్రం, ఒక్కటి కూడా వదలకండి. మీ ఇల్లు, పక్కవాళ్ల ఇల్లు, కోమటి కొట్టు, అంగన్‌వాడీ, అన్నింటి గోడలకూ రంధ్రాలు పెట్టుకుంటూ పొండి. రైలు పొడవులో కూడా రాజీ పడొద్దు. ఒక బోగీ 87వ వంతులో పావు మీటరుంటుంది, 24 బోగీల బండికి ఆరు మీటర్లకు పైమాటే. ఇంజన్ వంటింట్లో ఉన్నప్పుడు ఆఖరి బోగీ వాకిట్లో ఉండాలి. అదే ఠీవి.

మలుపులు మాత్రం నేను చెప్పినట్టు చేయలేకపోతే ఈ పని మానుకోండి. పెద్ద లైను మీద అతి బిగువైన మలుపు వ్యాసార్ధం 175 మీటర్లు. 87తో భాగిస్తే రెండు మీటర్లు. అంటే బండి వెనక్కి తిరగాలంటే నాలుగు మీటర్ల వెడల్పు బల్ల కావాలి. కొన్న పెట్టెలో వచ్చే మలుపు ముక్కలు ముప్పై ఆరు సెంటీమీటర్లవి, అంటే అసలు లోకంలో 31 మీటర్లు. వాటినే వేసి, మలుపులో పొడుగు బోగీల మూలలు బయటికి తన్నుకొచ్చి పక్క లైనులోని గూడ్సును గీరుతుంటే ఆనందించండి.

బల్ల ఎందుకు, మంచం ఉండగా

పుస్తకాలు చదివి చెడినవాళ్లు ప్లైవుడ్ తెచ్చి, కింద చట్రం కొట్టి, నాలుగు మూలలా లెవెల్ చూసి బల్ల చేయించుకుంటారు. మన దగ్గర తాతల నాటి నవారు మంచం ఉంది. దాని గొప్పతనం ఏమిటంటే ఎత్తుపల్లాలు దానంతటవే వస్తాయి. ఆరడుగుల మంచం నడుమ నాలుగంగుళాలు కుంగిందనుకుందాం. మూడడుగులకు నాలుగంగుళాల వాలు, అంటే తొమ్మిదికి ఒకటి. ఊటీ కొండ మీద పళ్లచక్రం పట్టుకుని పైకి పాకే బండికి కూడా ఇంత వాలు లేదు, అక్కడ పన్నెండుకు ఒకటే. ఇళ్లలో రైళ్లు నడిపేవాళ్లు వందకు రెండు మించితే బోగీలు తగ్గించుకుంటారు. మీ గోల్కొండ ఎక్స్‌ప్రెస్ మంచం నడుమ గుంతలో దిగి, ఎక్కలేక, చక్రాలు తిప్పుతూ అక్కడే ఉండిపోతుంది. ఉండనివ్వండి. "గేటు పడ్డది, లైన్ క్లియర్ లేదు" అనండి. మన వాళ్లు వెంటనే నమ్మే మాట అదొక్కటే.

కంకర, రవ్వ, వరద

అసలు పట్టాల కింద పోసే కంకర రాయి సుమారు 50 మిల్లీమీటర్లది. 87వ వంతులో అర మిల్లీమీటరు చిల్లర. పనితనం తెలిసినవాళ్లు జల్లెడ పట్టిన సన్నటి రాతిపొడిని స్లీపర్ల మధ్య కుంచెతో సర్ది, నీళ్లు కలిపిన తెల్ల జిగురును ఇంజెక్షన్ సిరంజీతో చుక్కలు చుక్కలుగా వదులుతారు. జిగురు పొడిలోకి ఇంకేందుకు గిన్నెలు తోమే సబ్బునీళ్లు ఒక చుక్క కలుపుతారు. రాత్రంతా ఆరాలి. ఇంత సహనం మనకెందుకు? సరిగ్గా అదే సైజులో బొంబాయి రవ్వ వంటింట్లోనే ఉంది. వేయించి పోస్తే రంగు కూడా కలుస్తుంది. మూడో రోజుకు చీమలు వస్తాయి. నాలుగు మిల్లీమీటర్ల చీమ 87వ వంతు లోకంలో ముప్పై అయిదు సెంటీమీటర్ల జంతువు, ప్లాట్‌ఫారం మీద పిల్లి అంత. మహబూబాబాద్ ప్లాట్‌ఫారం మీద జంతువులు తిరగడంలో తప్పేముంది?

మానుకోటవాళ్లు రవ్వకు కూడా ఒప్పుకోరని నాకు తెలుసు. వాళ్ల కంకరకు చరిత్ర ఉంది. 2010 మే నెలలో తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఆ స్టేషన్ రాళ్లే ఉద్యమకారుల చేతుల్లోకి వెళ్లాయి. ఆ తర్వాత మానుకోట రాళ్లు అంటే తెలియనివాడు తెలంగాణలో లేడు. అంత పేరు మోసిన రాయిని అర మిల్లీమీటరుకు కుదించడం దాన్ని అవమానించడమే. కాబట్టి అసలు సైజు రాయినే వాడండి. మీ బొమ్మ లోకంలో అది నాలుగు మీటర్ల ముప్పై అయిదు సెంటీమీటర్ల బండరాయి అవుతుంది, ఇంజన్ కంటే ఎత్తు. బండి కనబడదు. రాళ్లు కనబడతాయి. చూడాల్సింది అవే కదా.

నీటి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. బొమ్మ లోకంలో అసలు నీళ్లు పోయొద్దని అందరూ అంటారు: నీటి చుక్కను 87వ వంతుకు కుదించలేం, అల చిన్నదవదు, చెక్క ఉబ్బుతుంది. అందుకని గాజులా గట్టిపడే రెజిన్ పోసి, దాని మీద అలలు గీస్తారు. వాళ్లు ఇంటికన్నె, కేసముద్రం నడుమ ఏం జరిగిందో చూడలేదు. 2024 ఆగస్టు ఆఖరి రాత్రి కురిసిన వానకు అక్కడ కట్ట కొట్టుకుపోయింది. తెల్లవారాక చూస్తే పట్టాలున్నాయి, పట్టాలకు బిగించిన సిమెంటు స్లీపర్లు బిగించినవి బిగించినట్టే ఉన్నాయి, కింద మాత్రం నేల లేదు. వరస వరసంతా గాలిలో వేలాడుతోంది. వందలమంది రాత్రింబవళ్లు మట్టి పోసి, రాయి పోసి, కొద్ది రోజుల్లోనే మళ్లీ బండ్లు నడిపారు. ఆ లైను మీద పనిచేసే గ్యాంగ్‌మెన్లకు దండం పెట్టాలి.

కాబట్టి మీ మంచం మీద ఇంటికన్నె దగ్గర రెండు బిందెల నీళ్లు గుమ్మరించండి. రవ్వ కొట్టుకుపోతుంది, పట్టా వేలాడుతుంది, చీమలు కూడా ఎటో పోతాయి. ఇంతకన్నా అచ్చమైన నమూనా జర్మనీలో కూడా లేదు. హాంబర్గ్‌లో 2001 నుంచి ఇదే హెచ్‌ఓ స్కేలులో ఒక మహా నగరమే నడుస్తోంది, ఓడలు తేలడానికి అసలు నీళ్లే పోశారు. కానీ అక్కడ కట్ట తెగదు. పుణె కోత్రూడ్‌లో జోషీగారి చిన్న రైళ్ల మ్యూజియం 1998 నుంచి ఉంది. అక్కడికి కూడా వెళ్లకండి. చక్కగా పనిచేసే లేఅవుట్లను చూస్తే మనసు పాడవుతుంది.

ఇంజన్ ఎక్కడ కొనాలి

విదేశం నుంచి తెప్పించాలి, ఇంకెక్కడ? పక్కనున్న పెంబర్తికి మాత్రం పొరపాటున కూడా వెళ్లకండి. సికింద్రాబాద్ నుంచి వస్తుంటే జనగామకు ముందు తగిలే ఊరే అది. అక్కడ ఇత్తడి రేకును కాల్చి మెత్తబరిచి, లక్క అచ్చు మీద పరిచి, చిన్న చిన్న ఉలులతో వెనక నుంచి కొట్టి బొమ్మ పైకి తేలుస్తారు. తర్వాత ముందువైపు నుంచి గీతలు దిద్దుతారు. గుడి తలుపుల తాపడాలూ కలశాలూ అలా తయారయ్యాయి, 2010లో ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బొమ్మ రైళ్ల లోకంలో అందరికన్నా ఖరీదైన ఇంజన్లు ప్లాస్టిక్‌వి కావు, చేత్తో చేసిన ఇత్తడివి. ఒక రివెట్టు వరసను రేకు వెనక నుంచి చుక్కలుగా కొట్టగల చెయ్యి మనకు పక్క స్టేషన్ దగ్గరే ఉందని తెలిస్తే, మీకు లేనిపోని ఆశలు పుడతాయి. బాయిలరు వాళ్లతో చేయించుకుందాం, చక్రాలూ మోటారూ మాత్రం కొందాం, 19.3కే వేద్దాం, ఇలా మొదలవుతుంది. చివరికి మంచి ఇంజన్ తయారవుతుంది. అప్పుడు మీ స్నేహితులతో మాట్లాడటానికి ఫిర్యాదులేం మిగలవు.

అందుకని మంచు కురిసే దేశం ఇంజన్ తెప్పించండి. దానితోపాటు పెట్టెలో పైన్ చెట్లు, ఓవర్‌కోట్లు వేసుకున్న రెండు సెంటీమీటర్ల మనుషులు వస్తారు. వాళ్లనే జనగామ ప్లాట్‌ఫారం మీద నిలబెట్టండి. మార్చకండి. నిజానికి ఒక తాటిచెట్టు చేయడం పూటలో పని. జానెడు చీపురుపుల్లకు నల్లదారం ఎడం ఎడంగా చుట్టి, సుద్ద, బూడిద కలిపి రాసి, పైన పచ్చ కాగితాన్ని విసనకర్రలా కత్తిరించి అతికిస్తే అయిపోతుంది. 18 మీటర్ల తాటిచెట్టు 87వ వంతులో ఇరవై సెంటీమీటర్లు వస్తుంది. దాని మీద మోకు వేసుకుని ఎక్కుతున్న గౌడన్న ఒక్కడుంటే చాలు, చూసినవాడికి ఇది రఘునాథపల్లి పొలిమేర అని బోర్డు లేకుండానే తెలిసిపోతుంది. మానుకోటలో అయితే తండా నుంచి వచ్చి బండి కోసం కూర్చున్న ఇద్దరు లంబాడీ ఆడవాళ్లు, పక్కన మిరపకాయల బస్తా. వాళ్ల బట్టల మీది అద్దం 87వ వంతులో మిల్లీమీటరులో పదో వంతు, కంటికి ఆనదు. కానీ వెండి రంగులో ముంచిన సూదిమొన తాకిస్తే, పక్కనుంచి లైటు పడ్డప్పుడు మిలుక్కుమంటుంది. ఇవన్నీ చేస్తే మీ లేఅవుట్ మీ ఊరులా కనబడుతుంది. ఊరు చూడాలనుకుంటే కిటికీ తీస్తే సరిపోదూ! ఓవర్‌కోట్లే మేలు.

కాలం ఒకటేమిటి

పట్టుదల ఉన్నవాళ్లు ఒక సంవత్సరాన్ని ఎంచుకుని దానికి కట్టుబడతారు. 1886 అనుకుంటే సికింద్రాబాద్ నుంచి వరంగల్ వైపు లైను జనగామ మీదుగా కొత్తగా తెరుచుకుంది. మానుకోటకు ఇంకా బండి లేదు, వరంగల్, డోర్నకల్ మధ్య తెరిచింది 1888లో. బెజవాడకు 1889. కాజీపేట నుంచి బల్లార్షా వైపు దారి పూర్తయ్యేసరికి 1929. డోర్నకల్‌లో చర్చి కట్టాలంటే ఇంకా ఆగాలి, బిషప్ అజరయ్య కట్టించిన ఆ గుమ్మటాల గుడికి ప్రతిష్ఠ జరిగింది 1939లో. కాచిగూడ స్టేషన్ చూసి మోజుపడి దాన్ని ఈ లైనులో కలిపేవాళ్లున్నారు. 1916 నాటి ఆ బిల్డింగు మన్మాడ్ వైపు వెళ్లే మీటర్ గేజ్‌ది, మనతో దానికి అప్పట్లో పట్టా కలవదు.

ఇదంతా మరిచిపోండి. 1888 నాటి ఆవిరి ఇంజన్, పైన కరెంటు తీగలు, పక్కన వందేభారత్. సికింద్రాబాద్, విశాఖపట్నం మధ్య 2023 సంక్రాంతికి మొదలైన ఆ బండి జనగామలోనూ ఆగదు, మహబూబాబాద్‌లోనూ ఆగదు. బొమ్మలో కూడా ఆపకండి. 130 కిలోమీటర్ల వేగం 87వ వంతులో సెకనుకు 41 సెంటీమీటర్లే, నిజం చెప్పాలంటే తాపీగా కనబడుతుంది. పిల్లలకు రిమోట్ ఇస్తే దానికి నాలుగింతలు తోలతారు. తోలనివ్వండి. ఓవర్‌కోటు మనుషులు గాలికి పడిపోతారు.

సేకరణ

పాత సామాను కొనేటప్పుడు ఒకటే సూత్రం, అమ్మేవాడు "నిజాం కాలంది" అన్నాడా లేదా. ఎర్రగడ్డ సండే మార్కెట్‌లో, జుమ్మేరాత్ బజార్‌లో ఓ పూట తిరిగితే నిజాం ఒక్కడే ఇన్ని లాంతర్లు వాడాడా అనిపిస్తుంది. అక్షరాలు చదవకండి. చదివితే చిక్కు: 1930కి ముందు కంపెనీ పేరులో గ్యారంటీ ఉండేది, ఎన్.జి.ఎస్.ఆర్. ఆ తర్వాత అది ఉత్త స్టేట్ రైల్వే, ఎన్.ఎస్.ఆర్. మీ ఇత్తడి లాంతరు మీద ఎన్.జి.ఎస్.ఆర్, 1936 అని రెండూ చెక్కి ఉంటే, వెనక్కి తిప్పి గోడకు తగిలించండి. అచ్చం అట్టముక్కలాంటి పాత టికెట్లు, రెండుంపావు అంగుళాల పొడవువి, వాటి అంచున తేదీ గుద్దిన గుంట వేలికి తగులుతుంది. ఆ గుంటలు తగలని కొత్త అట్టలకు మంచి ధర పెట్టండి, నలగలేదు కదా.

ఇంకా ఆత్రం ఆగకపోతే రాత్రిపూట యార్డులోకి వెళ్లి పాత బోల్టో, ఫిష్‌ప్లేటో జ్ఞాపకంగా తెచ్చుకోవచ్చు అని మా వాళ్లలో ఒకాయన అంటుంటాడు. రైల్వే ఆస్తి గురించి 1966 నాటి చట్టం ఒకటుంది, మొదటిసారి దొరికితేనే ఐదేళ్ల దాకా జైలు. ఈ ఒక్క సలహా మాత్రం నేనివ్వను. నా సలహాలు ఇంటిని పాడు చేస్తాయి గానీ బండిలో ఉన్నవాళ్ల జోలికి పోవు.

భూపాలపల్లివాళ్లకు ప్రత్యేకం

"కాకా, గన్ని ఊర్లు జెప్పినవ్, మా ఊరికి ఎట్లొస్తది రైలు?" అని భూపాలపల్లి పోరగాడెవరైనా అడిగితే మాట మార్చండి. ఎందుకంటే దీనికి జవాబు చెప్పాలంటే బొగ్గు దగ్గర మొదలుపెట్టాలి, బొగ్గు తగిలితే అందమైన లేఅవుట్ మసైపోతుంది.

ఇల్లందు దగ్గర బొగ్గుందని భూగర్భ సర్వే డాక్టర్ కింగ్ 1871లో కనిపెట్టాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఆ గనుల హక్కు తీసుకుంది. 1888లో లైను డోర్నకల్ చేరడమూ, అక్కడి నుంచి పక్కకు తిరిగి ఇల్లందు గనులకు అందడమూ ఒకే ఏడాది. ఈ తొందర ప్రయాణికుల కోసం కాదు. మానుకోట మనిషి హైదరాబాద్ పోవడానికి వీలు కలిగింది నిజమే, కానీ పట్టా ఇటు వంగింది బొగ్గు వాసనకు. సింగరేణి కంపెనీ అదే గనుల మీద 1920లో నిలబడింది. ఇప్పుడు అదే సింగరేణికి భూపాలపల్లిలో కాకతీయ ఖని గనులున్నాయి. పక్కనే చెల్పూరు దగ్గర 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం ఉంది. ఇల్లందు బొగ్గుకు 1888లో రైలు వచ్చింది. భూపాలపల్లి బొగ్గు ఇప్పటికీ టిప్పర్లలో రోడ్డు మీద పోతోంది. రోడ్డు పక్క ఇళ్లవాళ్లు ఆరేసిన బట్టలు సాయంత్రానికి ఏ రంగుకొస్తాయో వాళ్లనే అడగండి.

ఊళ్లలో కూడా అదే వరస. జనగామ జిల్లాలో ఒక ఘన్‌పూర్ ఉంది, రైలు ఆగుతుంది కాబట్టి స్టేషన్ ఘన్‌పూర్. చెల్పూరు థర్మల్ కేంద్రం ఉన్న మండలం ఇంకో ఘన్‌పూర్, గణపురం అంటారు. అక్కడి కోటగుళ్లలో కాకతీయుల నాటి శిల్పం ఉంది, కరెంటు ఉంది, బొగ్గు ఉంది, స్టేషన్ లేదు. బోర్డులు ఆర్డరిచ్చేటప్పుడు ఈ రెండూ తారుమారు చేయండి. చెల్పూరు దగ్గర ఎర్రరంగు పెంకుల స్టేషన్ ఒకటి కట్టి, అందులో గడియారం, బెంచీ, మంచినీళ్ల కుండ పెట్టి, పట్టా మాత్రం వేయకండి.

వీలైతే బస్సు పెట్టుకోండి. అది కూడా నిజాం రైల్వేయే. 1932 జూన్‌లో రైల్వే శాఖే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది, మన ఆర్టీసీకి మూలం అదే. రైలు పోని చోటికి బస్సు పోతుంది. భూపాలపల్లి నుంచి పరకాల మీదుగా హనుమకొండకు పోయే బస్సు ఇప్పటికీ అదే డ్యూటీలో ఉంది. 87వ వంతు బస్సు పన్నెండు సెంటీమీటర్లు, దాని ముందు రెండు టిప్పర్లు, వెనక రెండు. బస్సు ఓవర్‌టేక్ చేయలేని చోట రోడ్డు మలుపు పెట్టండి.

రైలు కావాల్సిందేనని పోరగాడు ఏడిస్తే సర్వే చేయించండి. రామగుండం నుంచి భూపాలపల్లి మీదుగా మణుగూరుకు లైను అనే మాట పెద్దల చెవుల్లో పడి చాలా కాలమైంది, సర్వేలూ జరిగాయి. మీ మంచం మీద కూడా ఏడాదికోసారి గుర్తు కర్రలు పాతండి. మీటరున్నర కర్ర 87వ వంతులో పదిహేడు మిల్లీమీటర్లు, అగ్గిపుల్లను సగం కన్నా కాస్త తక్కువకు విరిస్తే దాదాపు అంతే. తెల్లరంగులో ముంచి, కొసకు ఎర్రచుక్క పెట్టి, జానెడుకొకటి గుచ్చాలి. పండక్కి ముందు ఇల్లు దులిపేటప్పుడు ఎలాగూ పీకేస్తారు. మళ్లీ ఏడాది ఇంకో వైపు నుంచి పాతుకోవచ్చు, అగ్గిపెట్టెలో పుల్లలు చాలానే ఉంటాయి.